నాలుగున్నర వేళ్లు

మనుషుల చేతులు చూసి బతికేదాన్ని నేను. ల్యాబ్‌లో రక్తం తీయడం నా ఉద్యోగం. ముఖాలు మర్చిపోతాను గానీ ఎవరి మోచేతి మడతలో నరం ఎక్కడ దాక్కుంటుందో మర్చిపోను. సూది గుచ్చే గుణం చేతి నుంచి నోటికి కూడా పాకిందని మా ఆయన అంటాడు. ఆయనది నీళ్ల మోటార్లు బాగుచేసే పని. మోటార్లు ఎదురు మాట్లాడవు కాబట్టి పాపం అలవాటు లేదు.

అందుకని అమ్మ చేతి మీద ఆ మచ్చలు అందరికంటే ముందు నా కళ్లకే కనబడ్డాయి.

అమ్మ గుండెలో ఒక కవాటం లోహంతో చేసింది. నాన్న బతికుండగానే ఆపరేషన్ చేసి పెట్టారు. గది నిశ్శబ్దంగా ఉంటే ఆవిడ ఛాతీలోంచి టిక్కు, టిక్కు అని సన్నగా వినిపిస్తుంది. "గోడ గడియారం కొనే పని తప్పింది," అని నాన్న ఏడిపించేవాడు. ఆ కవాటం మీద రక్తం గడ్డకట్టకుండా అమ్మ రోజూ రక్తం పలచబరిచే మాత్ర వేసుకోవాలి. రక్తం చిక్కబడితే గడ్డకట్టి ప్రాణం మీదకి వస్తుంది. మరీ పలచబడితే లోపలెక్కడో కారి ప్రాణం మీదకి వస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ మధ్యనున్న సన్నటి గట్టు మీద అమ్మ సరిగ్గా నడుస్తోందో లేదో చూడటానికే అప్పుడప్పుడూ పరీక్ష. ఆ రక్తం తీసేది నేనే.

ఆ రోజు అమ్మ ల్యాబ్‌కి వచ్చి కుర్చీలో కూర్చుంది. చీర మీద ఎప్పుడూ వేసుకునే పల్చటి కోటు చేయి పైకి మడిచాను. ఎడమ దండ మీద, మోచేతికి పైన, ముదురు ఊదా రంగులో మచ్చలున్నాయి. ముందువైపు ఒకటి, బొటనవేలంత. వెనకవైపు వరసగా నాలుగు. ఎవరో గట్టిగా పట్టుకుంటే పడ్డ వేళ్లవి. ఆ నాలుగింట్లో మూడోది మాత్రం సగంలోనే ఆగిపోయింది.

"ఎవరు పట్టుకున్నారమ్మా ఇంత గట్టిగా?"

"నన్నెవరు పట్టుకుంటారే. తలుపు తగిలుంటుంది."

"మన తలుపులకి వేళ్లెప్పుడు మొలిచాయి?"

అమ్మ కోటు చేయి కిందకి లాక్కుంది. రక్తం ఇంకా తీయలేదని గుర్తుచేసి మళ్లీ పైకి మడవాల్సి వచ్చింది. ఈసారి నేను ఆ మూడో వేలి వంక చూడకుండా సూది గుచ్చాను.

చూడకపోవడానికి కారణం ఉంది. మా నాన్న టైలరు. కొట్టు పెట్టుకోక ముందు బట్టల ఫ్యాక్టరీలో చేసేవాడు. అక్కడ గుడ్డలు కోసే కరెంటు కత్తి కింద ఆయన కుడిచేతి ఉంగరపు వేలు సగం పోయింది. ఆ నాలుగున్నర వేళ్లతోనే జీవితమంతా కుట్టాడు. ఆయన పోయి అప్పటికి ఏడాది దాటింది.

ఇలాంటి ఆలోచనలు వస్తే నాకు భయం వేయదు, కోపం వస్తుంది. అమ్మని ఎవరో నొప్పిపెడుతున్నారు, అదీ మా ఇంట్లోనే. మా ఆయన అత్తగారి ముందు గట్టిగా దగ్గడానికే జంకే మనిషి. మిగిలింది పిన్ని. అమ్మ చెల్లెలు, మా కింది వాటాలో ఉంటుంది. నేను పనికి వెళ్లాక అమ్మకి స్నానానికీ తిండికీ తోడుండేది తనే. సాయంత్రం వెళ్లగానే పిన్ని చేయి పట్టుకుని నా అరచేతి మీద పరిచి చూశాను. చిన్నపిల్ల చెయ్యిలా ఉంది, వేళ్లన్నీ పొట్టివి.

"కొలతలు తీస్తున్నావేంటే, నాకేమైనా ఉంగరం చేయిస్తున్నావా?" అంది పిన్ని.

విషయం చెప్పాను. పిన్ని నవ్వు ఆగిపోయింది. అమ్మకి వినపడకుండా నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి, కుళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో అడిగింది. "రోడ్డు దాటించేటప్పుడు బావగారు అక్కని ఎక్కడ పట్టుకునేవారో గుర్తుందా?"

గుర్తులేకేం. అమ్మకి రోడ్డంటే చచ్చేంత భయం. బండి ఇంకా కనుచూపు మేరలో లేకపోయినా అంచు మీదే కొయ్యబారిపోయేది. నాన్న చేయి అందుకునేవాడు కాదు, దండ పట్టుకునేవాడు. "చెయ్యయితే విదిలించుకుంటావు, దండయితే నా మాట వింటుంది," అనేవాడు. ఎప్పుడూ ఒకే చోట, మోచేతికి జానెడు పైన.

"పిన్నీ, నువ్వు కుళాయి కట్టేసి పని చూసుకో," అన్నాను.

రిపోర్టు వచ్చింది. అమ్మ రక్తం ఉండాల్సిన దానికి రెట్టింపు పలచగా ఉంది. గుండె డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. ఆయన మా చిన్నప్పటి లెక్కల మాస్టారులా ముఖం పెడతాడు గానీ మంచివాడు. ఇంత పలచగా ఉంటే ఎవరైనా ప్రేమగా పట్టుకున్నా మచ్చ పడుతుందని చెప్పాడు.

"చర్మం మీద కనిపించేదానికి నేను భయపడనమ్మా," అన్నాడు నాతో. "తలలో కారితే బయటికి ఏమీ కనిపించదు. దెబ్బ కూడా తగలక్కర్లేదు." తర్వాత అమ్మ వైపు తిరిగాడు. "ఈమధ్య కొత్తగా మందులేమైనా మొదలుపెట్టారా? ఏవైనా సరే."

"ఏం లేదు బాబూ," అంది అమ్మ. ఎంత వినయంగా అందంటే నేను కూడా నమ్మాను.

మాత్ర మోతాదు తగ్గించాడు. తర్వాతి పరీక్షలో రక్తం ఇంకా పలచబడింది. మళ్లీ తగ్గించాడు. అయినా దారికి రాలేదు. మాత్ర తగ్గుతున్న కొద్దీ రక్తం చిక్కబడాలి, అది లోకమంతటికీ తెలిసిన లెక్క. అమ్మ దగ్గర మాత్రం ఆ లెక్క తిరగబడింది. మచ్చలు మానేలోపే వాటి మీద కొత్తవి పడుతున్నాయి, తెల్లారేసరికల్లా, అదే చోట. కొన్నాళ్లకి కుడి దండ మీద కూడా మొదలయ్యాయి.

నేను తిట్టాను. దెయ్యాన్ని తిడదామంటే కనిపించదు, డాక్టర్ని తిడదామంటే ఆయన తప్పేమీ లేదు, అందుకని అందుబాటులో ఉన్న అమ్మనే తిట్టాను. ఆవిడ అన్నీ విని, "అరిచి అరిచి నీ గొంతు పాడవుతుంది, కాసిని వేణ్ణీళ్లు తాగు," అంది.

ఒక ఉదయం ఎండ వచ్చాక కాఫీ పట్టుకుని అమ్మ గదిలోకి వెళ్లాను. ఇంకా లేవలేదు. గదిలో నాన్న కుట్టుమిషను, దాని పక్కన మంచం, అమ్మ ఛాతీలోంచి టిక్కు, టిక్కు. ఎడమచేయి దుప్పటి బయట ఉంది. దండ మీద పాత మచ్చలు వెలిసిపోయి పచ్చగా ఉన్నాయి, కొత్తవి లేవు. అమ్మయ్య అనుకుని కప్పు మిషను మీద పెట్టి, కిటికీ పరదా తీసి, వెనక్కి తిరిగాను. అదే దండ మీద చర్మం లోపలికి నొక్కుకుని ఉంది. ఒక వైపు ఒకటి, ఇంకో వైపు మూడు, ఒక సగం. నేను చూస్తుండగానే ఆ గుంటలు మెల్లగా పైకి లేచాయి, లేచిన చోటల్లా ఎర్రబడింది. అమ్మ కుడిచేయి దిండు కింద ఉంది. నిద్రలో ఆవిడ ముఖం ప్రశాంతంగా ఉంది.

మసక వెలుగులో మొదట సరిగ్గా చూసుండను అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఏదో ఒకటి చేయాలి కాబట్టి కాఫీ కప్పు చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు కాఫీ వాసన కింద ఇంకో వాసన తగిలింది. చేదుగా, తడి వేర్లలా. కుట్టుమిషను సొరుగు లాగాను. దారపు ఉండల మధ్య చిన్న ఫ్లాస్కు ఉంది. మూత తీస్తే నల్లటి కషాయం, ఇంకా వెచ్చగా.

పిన్నిని కదిపితే క్షణంలో కక్కేసింది. "వేళ్ల నొప్పులతో అక్క పడే బాధ నువ్వు చూడలేదే. గుండీ పెట్టుకోలేక ఏడ్చేది. గుండె డాక్టరేమో నొప్పి మాత్రలు పడవు, ఓర్చుకోండి అన్నాడు. అందుకే ఆకుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. నొప్పి తగ్గింది కూడా."

"తగ్గితే తగ్గింది. గుండె డాక్టరు అంతలా అడిగితే ఒక్క ముక్క చెప్పడానికేం?"

"మీ అమ్మే ఒట్టు వేయించుకుంది. ఒకరి దగ్గర ఇంకొకరి మాట ఎత్తితే ఇద్దరూ తనని గుట్ట అడుగున పడేస్తారట."

ఆ గుట్ట సంగతి నాకు తెలుసు. కొట్టులో ఎవరైనా వేరే టైలరు కోసిన గుడ్డ తెచ్చి, కాస్త సరిచెయ్యమంటే నాన్న మొహం ముడుచుకునేవాడు. కాదనేవాడు కాదు. మడతపెట్టి గుట్ట అడుగున తోసేసేవాడు. ఆ గుడ్డ మళ్లీ వెలుగు చూడటానికి నెలలు పట్టేది. వెనక కూర్చుని కాజాలు కుడుతూ అమ్మ అదంతా ఏళ్ల తరబడి చూసింది. పనివాళ్లందరికీ అదే రోషం ఉంటుందని, వైద్యులూ పనివాళ్లేనని ఆవిడ లెక్క. ఇద్దరికీ మర్యాద తక్కువ కాకూడదని ఇద్దరి దగ్గరా నోరు కుట్టేసుకుంది.

ఆకుల డాక్టరమ్మ గది చెప్పులు బాగుచేసే కొట్టు పైన ఉంది. ఏ ముసలావిడో ఉంటుందని, కడిగేద్దామని మెట్లెక్కాను. తీరా చూస్తే నా ఈడుదే, కళ్లజోడు, శుభ్రమైన బల్ల, గోడ నిండా సీసాలు. ఆ విద్య ఏళ్ల తరబడి కాలేజీలో చదువుకుని పట్టా తెచ్చుకుందట, గోడకి తగిలించి ఉంది. నేను అనాల్సినవన్నీ అన్నాను. ఆవిడ మధ్యలో అడ్డురాలేదు.

"అయిందా? ఇప్పుడు నెమ్మదిగా చెప్పండి. ఏ మాత్ర వాడుతున్నారు?"

చెప్పాను. ఆవిడ కుర్చీలో కూలబడింది.

"ఆ మాత్ర వేసుకునేవాళ్లకి నేను ఈ వేర్లు చచ్చినా ఇవ్వను. రెండూ కలిస్తే మాత్ర బలం పెరిగిపోతుంది. హాస్పిటల్ మందులేమైనా ఉన్నాయా అని మొదటి రోజే అడిగాను. ఏమీ లేవన్నారు. మెడదాకా గుండీలు పెట్టుకుని వచ్చారు, వేళ్లూ మోకాళ్లూ తప్ప ఏమీ చూపించలేదు." కళ్లజోడు తీసి తుడుచుకుంది. "నాడి చూస్తున్నప్పుడు మాత్రం ఒకటి వింతగా అనిపించేది. నా వేళ్ల కింద నాడి, ఈ గడియారం చప్పుడు, రెండూ ఒకేసారి కొట్టుకునేవి. ఇదేంటబ్బా అనుకునేదాన్ని."

ఇద్దరం ఒకేసారి గోడ వైపు తలెత్తాం. గడియారం ముళ్లు కదలడం లేదు. పైన దుమ్ము పేరుకుని ఉంది.

"అది ఆగిపోయి చాలాకాలమైంది," అంది ఆవిడ నెమ్మదిగా. "నాకిప్పటిదాకా తోచనేలేదు."

ఆ గదిలో ఇంకా ఏదో కొట్టుకుంటున్నట్టే అనిపించి ఇద్దరం కాసేపు చెవులు రిక్కించాం. తర్వాత ఆవిడ నా దగ్గర గుండె డాక్టరు నంబరు తీసుకుని అక్కడికక్కడే ఫోన్ చేసింది. పోట్లాట తప్పదనుకున్నాను. ఇద్దరూ ఒకే మోటారు విప్పి కూర్చున్న మెకానిక్కుల్లా మాట్లాడుకున్నారు. ఏ వేరు, ఎంత, ఎప్పటి నుంచి. కషాయం ఉన్నపళంగా మీరే ఆపేసి ఊరుకోకండి అని ఇద్దరూ ఒకే మాట అన్నారు. ఆపితే రక్తం మళ్లీ చిక్కబడుతుంది, తగ్గించేసిన మాత్ర అప్పుడు సరిపోదు, కవాటం మీద గడ్డ కట్టొచ్చు. హాస్పిటల్లో ఉంచి, రెండూ చూసుకుంటూ సరిచేయాలి, వెంటనే తీసుకురమ్మన్నారు.

ఫోన్ పెట్టేముందు గుండె డాక్టరు నాతో కూడా మాట్లాడాడు. "నొప్పి ఓర్చుకోమని చెప్పింది నేనే. ఓర్చుకోలేకపోతే ఏం చేస్తారని అడగలేదు," అన్నాడు. తిలా పాపం తలా పిడికెడు. నా పిడికెడు నాకూ ఉంది, అదే ఇంట్లో ఉంటూ అమ్మ గుండీలు పిన్ని పెడుతోందని నేను గమనించలేదు.

గుమ్మం దాకా వచ్చి ఆకుల డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. "నేను తాగమన్నది రోజుకి ఒక్కసారి. పొడి త్వరత్వరగా అయిపోతోందని మీ పిన్నిగారు మళ్లీ మళ్లీ వచ్చి తీసుకెళ్తున్నారు. నొప్పి తగ్గాక కూడా ఎందుకు పెంచారో మీ అమ్మగారినే అడగండి."

ఇంటికి వచ్చి అడిగాను. అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. ఫ్లాస్కు ఎదురుగా పెట్టాను. బుకాయించలేదు.

"అది తాగితేనే మీ నాన్న వస్తున్నారే," అంది.

నేను ఎదురు కుర్చీలో కూర్చున్నాను.

"మొదట నొప్పికే తాగాను. ఒకరోజు తెల్లవారుజామున కలొచ్చింది. రోడ్డు అంచున నిలబడ్డాను, ఆయన దండ పట్టుకుని నిలబడ్డారు. లేచి చూస్తే మచ్చ. ఒకపూట తాగకపోతే ఆయన లేరు, మచ్చా లేదు. అర్థమైపోయింది. ఇంకాస్త తాగాను. ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు."

"అమ్మా, నీ రక్తం పలచబడి నీ చెయ్యే నీకు అచ్చు పడుతోంది. ఇలా రా." అమ్మ కుడిచేయి తీసుకున్నాను. నొప్పులతో ఆ చేతి ఉంగరపు వేలు ముడుచుకుపోయి ఉంటుంది, పూర్తిగా ఆనదు. ఆ చేతిని ఎడమ దండ మీద మచ్చలపై పెట్టాను. అచ్చుగుద్దినట్టు సరిపోయింది. సగం వేలు కూడా. "చూశావా? నిద్రలో నిన్ను నువ్వే పట్టుకుంటున్నావు."

ప్రాణం లేచొచ్చింది నాకు. పొద్దున నేను చూసిన గుంటలు కూడా అంతకుముందే ఎప్పుడో పడి ఉంటాయని తీర్మానించేసుకున్నాను.

అమ్మ తన చేతిని, మచ్చని శ్రద్ధగా చూసింది. టైలరు పెళ్లాం కదా, కొలత సరిపోయిందో లేదో చూసే చూపు ఆవిడకి అబ్బింది.

"సరిపోయింది," అని ఒప్పుకుంది. తర్వాత కుడి దండ మీది గుడ్డ పైకి తీసింది. "మరి ఇది?"

అక్కడా అదే మచ్చ. బొటనవేలు, మూడు, సగం. కుడి దండని పట్టుకోగలిగింది ఎడమచేయి ఒక్కటే. అమ్మ ఎడమచేయి నా ముందు చాచింది. దానికి నొప్పుల్లేవు. వేళ్లన్నీ నిండుగా, తిన్నగా ఉన్నాయి.

గదిలో టిక్కు, టిక్కు వినిపిస్తోంది. అది మామూలు కంటే తొందరగా ఉందని అప్పుడే గమనించాను.

"మీరిద్దరూ రోడ్డు దాటారా అమ్మా?" అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు. అడిగాక దాని అర్థం నాకే తెలిసింది.

"ఇంకా లేదు. అంచునే ఉన్నాం. అవతల ఏముందో కనిపించదు. బండ్లు పోతూనే ఉంటాయి."

"దాటకు," అన్నాను. "నాన్న పిలిచినా దాటకు. నాకు నువ్వు కావాలి. లే, హాస్పిటల్‌కి వెళ్దాం."

"వెళ్తే మీ నాన్నని పంపించేస్తారు."

"పంపించనీ."

"ఒకసారి పోయినప్పుడే నా వల్ల కాలేదే. రెండోసారి ఆయన్ని నా చేత్తో నన్నే పంపించమంటున్నావు," అంది అమ్మ. అంటుండగానే ఆవిడ ముక్కు నుంచి ఎర్రటి చుక్క మిషను బల్ల మీద పడింది. తర్వాత ఇంకోటి. కొంగుతో అదిమింది, ఆగలేదు. నేను రోజూ రక్తం చూసేదాన్ని, ఇంత నీళ్లలా జారే రక్తం ఎప్పుడూ చూడలేదు. పిన్నిని కేకేశాను, మా ఆయన బండి తీశాడు. వెనక సీట్లో అమ్మ తల నా ఒళ్లో పెట్టుకున్నాను. దారి మధ్యలో కళ్లు మూసుకుంది. పలకరిస్తే పలకలేదు. కవాటం చప్పుడొక్కటే నాకు ఆధారం, అది వింటూ కూర్చున్నాను. కోటు రెండు చేతులూ దండల దగ్గర బిగుసుకుపోయి ముడతలు పడి ఉన్నాయి. నేను పట్టుకున్నది తల మాత్రమే.

హాస్పిటల్లో విరుగుడు ఎక్కించారు, రక్తం ఎక్కించారు, తలకి స్కాన్ తీశారు. తలలో ఏమీ కాలేదు. ఆ మాట చెప్పడానికి గుండె డాక్టరే స్వయంగా వరండాలోకి వచ్చాడు. ఆయన వెనకే ఆకుల డాక్టరమ్మ కూడా వచ్చింది, మిగిలిన పొడి పొట్లం చేత్తో పట్టుకుని, అందులో ఏమేం ఉన్నాయో ఆయనకి చూపించడానికి. మా ఆయన ఇద్దరికీ దండం పెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ కళ్లు తెరిచింది. రెండు దండలూ నల్లగా కమిలిపోయి ఉన్నాయి. నేను మంచం పక్కనే ఉన్నాను.

"నేను తప్పుగా అనుకున్నానే," అంది. గొంతు పీలగా ఉంది. "ఆయన దాటించడానికి పట్టుకున్నారనుకున్నాను ఇన్నాళ్లూ. నిన్న బండ్లన్నీ ఆగాయి. రోడ్డంతా ఖాళీ. పదండి అన్నాను. ఆయన కదల్లేదు. నేను లాగాను. రెండు చేతులూ పట్టుకున్నారు. ఎంత లాగితే అంత గట్టిగా పట్టుకున్నారు."

ఆవిడ కళ్ల పక్క నుంచి నీళ్లు దిండు మీదకి జారాయి.

"లాగింది నేనే. ఆయన ఆపుతున్నారు. మొదటి రోజు నుంచీ ఆపుతూనే ఉన్నారు."

నాకు ఏడుపొచ్చింది. ఆ మచ్చలే పడకపోతే నేను సొరుగు తెరిచేదాన్ని కాదు, ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. అదంతా మాటల్లో పెట్టలేక అమ్మ తల నిమురుతూ కూర్చున్నాను.

కషాయం ఆపించారు. మాత్ర నెమ్మదిగా పెంచుతూ, మధ్యమధ్య పరీక్షలు చేస్తూ రక్తాన్ని మళ్లీ గట్టు మీదకి తెచ్చారు. వేళ్ల నొప్పికి ఆకుల డాక్టరమ్మ గోరువెచ్చటి కాపడం, వేళ్లు ఆడించే కసరత్తు నేర్పింది. గుండె డాక్టరు, ఈ మాత్రకి అడ్డురానిది ఒకటి చూసి, చిన్న మోతాదులో రాసిచ్చాడు. ఇద్దరిలో ఎవరు ఏది మార్చినా రెండోవారికి చెబుతున్నారు. అమ్మకి ఇది పెద్ద వింత. "ఇద్దరూ ఒకే గుడ్డ మీద కుడుతున్నారే, ఒకరి కుట్టు ఒకరు విప్పకుండా," అని పిన్నితో చెప్పుకుంది.

మచ్చలు పచ్చబడి, వెలిసి, పోయాయి. రోజూ ఉదయం అమ్మ రెండు దండలూ చూసుకునేది, మచ్చ ఉండేది కాదు. ల్యాబ్ మనిషిగా నాకు అంతకంటే మంచి వార్త లేదు. కూతురిగా ఆ కాసేపు నేను పరదా సర్దుతూ అటు తిరిగి ఉండేదాన్ని.

చివరి పరీక్ష బాగుందని చెప్పిన రోజు ఇద్దరం హాస్పిటల్ నుంచి బయటికొచ్చాం. మిట్టమధ్యాహ్నం. బండి అవతలి వైపు ఆపుకుని మా ఆయన చేయి ఊపుతున్నాడు. రోడ్డు అంచుకి రాగానే అమ్మ ఎప్పటిలా కొయ్యబారిపోయింది. నేను ఎడమ దండ పట్టుకున్నాను, మోచేతికి జానెడు పైన.

"కొంచెం కిందకి పట్టుకోవే," అంది అమ్మ, రోడ్డు వంకే చూస్తూ. "అక్కడ మీ నాన్న పట్టుకున్నారు."

వేరే రోజయితే వంద మాటలు అనేదాన్ని. చెయ్యి కాస్త ఎత్తి చూశాను. నాన్న కుట్టిన పల్చటి నూలు కోటు, పొద్దున నేనే ఇస్త్రీ చేసింది. నా వేళ్లు తీసిన చోట గుడ్డ విచ్చుకోలేదు. ముడత పడి అలాగే బిగిసి ఉంది, ఒక వైపు బొటనవేలు, ఇంకో వైపు మూడు, ఒక సగం.

నేను చెయ్యి కిందకి జరిపాను.

బండ్లు పోతూనే ఉన్నాయి. అవతల మా ఆయన రమ్మని పిలుస్తున్నాడు. "తొందరేం లేదు, అన్నీ ఆగాక దాటుదాం," అన్నాను, అమ్మకీ నాన్నకీ వినపడేలా.